ఇరవై పడితే రెండింతలు

సగం మాట విని మోసుకుపోయే అలవాటు మీలో చాలామందికి ఉంది. ముందు దాన్ని మానుకోండి. పోయిన ఆదివారం నేను ఎస్టీడీ బూత్‌లో అన్న ఒక్క మాటకు మా తమ్ముడి సంబంధం చెడిపోవాల్సింది. నవ్వేది తర్వాత, ముందు వినండి.

తమ్ముడు ఓబులేసు బెంగళూరులో పనిచేస్తాడు. శుక్రవారం తాంబూలాలు పెట్టుకున్నామని సెలవు మీద బుక్కరాయసముద్రం వచ్చాడు. వస్తూ రూమ్మేటు బాషా దగ్గర నుంచి ఒక ఆట తెచ్చాడు. ఆడేవాళ్ళు ఒక్కొక్కరు ఒక వీరుడవుతారు. ఒకడు కథ నడుపుతూ వాళ్ళ మీదికి రాక్షసుల్ని తోలుతాడు. ఎవరు ఎవరిని కొట్టాలన్నా ఇరవై ముఖాల పాచిక వేయాలి. ఇరవై పడిందంటే క్రిటికల్, అంటే దెబ్బ రెండింతలు. నా నూనె అంగడి అరుగు మీద పేక ముట్టనివ్వని మనిషిని నేను. డబ్బుతో పనిలేని ఆట అని ఒట్టు పెట్టాకే ఒప్పుకున్నాను. అబద్ధమాడనని వాడూ వాడి స్నేహితులూ కలిసి నన్నే అంపైరుగా కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం రాక్షసుడు ఓబులేసు వీరుణ్ణి గొడ్డలితో కొట్టాడు. ఇరవై పడింది. అక్కడ మొదలైంది పేచీ. పాచిక చూపిన దెబ్బ మాత్రమే రెండింతలా, రాక్షసుడి బలం కూడా కలిపి రెండింతలా? మొదటిదైతే వీరుడికి స్పృహ తప్పుతుంది. రెండోదైతే చస్తాడు.

"బలం కలపొద్దన్నా," అన్నాడు ఓబులేసు.

"సచ్చేటోనివి నువ్వు. నీ సాక్ష్యం చెల్లదు," అని బాషాకు ఫోన్ చేయడానికి బూత్‌కు పోయాను.

బూత్ నడిపే లక్ష్మక్కది పెండ్లికూతురి ఊరే, కళ్యాణదుర్గం. ఈ సంబంధం కుదిర్చింది ఆమే. లైను సరిగా లేదు, గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"బాషా, మా ఓబులేసుకు క్రిటికల్ అయిందప్పా. గొడ్డలి దెబ్బ. బతుకుతాడా, పోతాడా, నువ్వే చెప్పల్ల... అట్లనా? అయితే స్పృహ మాత్రం పోతాది. సరే, ఇంటికి పోయి పండబెడతా."

లక్ష్మక్క నా దగ్గర బిల్లు కూడా తీసుకోలేదు. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను.

ఇంటికి వచ్చి తమ్ముణ్ణి చాప మీద పడుకోబెట్టాను. "స్పృహ లేనోడు కూర్చుంటే ఎట్ల?" అని టీకి కూడా లేవనివ్వలేదు. నియమమంటే నియమమే.

సాయంత్రం వాకిట్లో జీపు ఆగింది. పెండ్లికూతురి నాయన తిప్పన్న దిగాడు, వెనకే ఆయన తల్లి. చాప మీద ఓబులేసు కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు. అవ్వ గుండెలు బాదుకుంటూ వాడి మీద పడింది.

"నన్ను లేపొద్దవ్వా, అన్న తిడతాడు," అన్నాడు వాడు.

అవ్వ ఏడుపు ఆగిపోయింది. లక్ష్మక్క కళ్యాణదుర్గానికి ఫోన్ కొట్టిందని నాకు అప్పుడు అర్థమైంది. తిప్పన్న చూపు మాత్రం పాచిక మీద ఉంది. రెండు వేళ్ళతో ఎత్తి తిప్పి చూశాడు.

"ఏమప్పా, పేకాడేటోళ్లను తరిమేది నువ్వేనంట. నీ ఇంట్లో ఇరవై మొగాల పాచిక ఉండాది."

"దుడ్లు పెట్టి ఆడేది కాదు మామా."

"జూదమాడే ఇంటికి పిల్లనియ్యల్లంటే నాకు మనసు రాదు. లేయమ్మా, పోదాం."

వీధికంతా నీతులు చెప్పే నేను తమ్ముడి ముఖం చూడలేకపోయాను. గొడ్డలి, ఇరవై, రెండింతలు, బాషా, అంతా మొదటినుంచి చెప్పుకొచ్చాను. తిప్పన్న నిలబడే విన్నాడు.

అవ్వే నోరు తెరిచింది. "పిల్లోడు బతికుండాడు, నాకంతే చాలు. వీడు లేచి కూర్చుంటే వాళ్ళన్న గుండు ఇస్తాడని దారిలో కదిరి స్వామికి మొక్కుకున్నా."

తిప్పన్న మీసాల్లోనే నవ్వాడు. "విన్నావు కదప్పా. మొక్కు తీరినంకనే తాంబూలాలు. మీసం గూడా."

"అవ్వ మొక్కింది గుండే కదా మామా."

"క్రిటికలంటే రెండింతలంటివే."

"పాచిక వరకే మామా. పైన కలిపేది లెక్కలోకి రాదని బాషా చెప్పినాడు."

"ఇప్పుడు అంపైరు నేను."

శుక్రవారం తాంబూలాలు జరిగాయి. తలా మూతీ నున్నగా గొరిగించుకుని ముందు వరుసలో కూర్చున్నాను. మా వైపు రెండూ కలిపి తీయించేది తండ్రి పోయినప్పుడు. వచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే పరామర్శకు నా చేయి పట్టుకుని, పక్కనే ఆకువక్క నములుతున్న మా నాయనను చూసి, ఏం మాట్లాడాలో తెలియక భోజనాలకు వెళ్ళిపోయారు.