బామ్మకి ఇరవై ఒకటి నిండిన రోజు

“నిద్రలో పాప ఊపిరి ఆగిపోతే మీకెలా తెలుస్తుంది?”

నమస్కారం పెట్టలేదు, పేరు అడగలేదు. శిశు సంరక్షణ కేంద్రం గడపలో ఎనిమిది నెలల మా పాపని చేతికందిస్తూ అక్కడి ఆయా అమ్మాయితో నేనన్న మొదటి మాట అది. ఇంట్లో గడియారం ముందు పెట్టుకుని పాప ఊపిరి లెక్కపెట్టేవాణ్ణి. నిమిషానికి ముప్పై ఆరు, ఒక్కోసారి నలభై. ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. కొలవడం తప్ప ధైర్యం తెచ్చుకునే దారి నాకు ఇంకోటి తెలీదు.

ఆమె నవ్వలేదు. “గుండెల మీద చెయ్యి వేసి ఉంచుతాగా అన్నయ్యా. చేతికి తెలిసిపోతుంది” అంది.

“మీకు వయసెంత?” రెండో ప్రశ్న ఇంకా మొరటుది.

“వచ్చే నెల తొమ్మిదికి ఇరవై ఒకటి నిండుతాయి. చిన్నపిల్లనని భయపడకండి. అమ్మ పనికెళ్తే కవల తమ్ముళ్ళిద్దర్నీ సాకింది నేనే. అప్పుడు నాకు పదకొండు.”

అక్కడ అందరూ ఆమెని ‘బామ్మ’ అనేవారు. పిల్ల తుమ్మితే చాలు, కిటికీ మూసేది. మబ్బు పట్టకముందే ఆరేసిన గుడ్డలు లోపలికి తెచ్చేది. “తిన్నావా? ఏం తిన్నావ్? అదీ ఒక తిండేనా?” అని తోటి ఆయాల్ని సాధించేది. ఆ గదిలో పన్నెండు చిన్న మంచాలుండేవి. నిద్ర పుచ్చడంలో ఆమెది ఒక పద్ధతి. పిల్ల గుండెల మీద అరచెయ్యి ఆనించి, కునుకు పట్టాక ఒక్కో వేలే పైకెత్తేది. ముందు బొటనవేలు, అన్నిటికన్నా చివర చిటికెన వేలు. చెయ్యంతా ఒక్కసారి తీస్తే కథ మళ్ళీ మొదటికొస్తుందనేది. నేను ఇంట్లో ప్రయత్నించాను. మూడో వేలు దగ్గరే పాప కళ్ళు తెరిచింది.

తొమ్మిదో తారీఖున కేకు తీసుకెళ్ళాను. ఆమెకి చెప్పకుండా సంబరపెడదామని. అంకెలంటే నాకు ప్రీతి కదా, దాని మీద రెండు, ఒకటి కొవ్వొత్తులు పక్కపక్కన గుచ్చాను. వాటిని చూడగానే బామ్మ ముఖం పాలిపోయింది. సిగ్గనుకున్నాను.

యజమానురాలు నవ్వుతూ వచ్చింది. “బామ్మ పుట్టినరోజా! అదేంటి, ఇరవై ఒకటా? మా కాగితాల్లో ఇరవయ్యే కదా?”

బామ్మే నెమ్మదిగా అంది. “చేరినప్పుడు ఒక ఏడాది తక్కువ రాసుకున్నారు మేడమ్. నేను దిద్దమనలేదు.”

యజమానురాలు కేకు ముక్క నోటిదాకా తెచ్చి, మళ్ళీ ప్లేటులో పెట్టేసింది.

వంటావిడ నన్ను వసారాలోకి లాగింది. “ఎంత పని చేశారు సార్! ఇరవై ఒకటి నిండితే పూర్తి కనీస జీతం ఇచ్చి తీరాలి. ఆ లోపు వాళ్ళకి తక్కువ ఇవ్వొచ్చని ఇక్కడి సర్కారు రూలు. అందుకే మా దగ్గర ఏ ఆయాకీ ఇరవై ఒకటి నిండనివ్వరు, ముందే సాగనంపుతారు. ఈ పిల్లకి కాగితం కలిసొచ్చిందని మేమంతా నోరు కుట్టుకుని కూచున్నాం. మీరొచ్చి దీపం పెట్టి మరీ చూపించారు!”

మర్నాడు, ఆమెని పనిలోంచి తీసెయ్యొద్దని అడగడానికి, పాప లెక్కలు రాసుకునే నా పుస్తకం పట్టుకుని యజమానురాలి గదికి వెళ్ళాను. పాప పగటి నిద్ర నలభై నిమిషాల నుంచి రెండు గంటలకి పెరిగిందని గీత గీసి చూపించాను.

“ఆమె పనితనం నాకు తెలీదా?” అందావిడ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “పద్దెనిమిదేళ్ళ పిల్లకి నేర్పినా ఈ పని వస్తుంది. కాదంటారా, అందరూ ఫీజు పెంచడానికి ఒప్పుకోండి. అట్టే పెట్టుకుంటాను.”

పదకొండు ఇళ్ళకి తిరిగాను. నలుగురు సరేనన్నారు. మిగతావాళ్ళు “బామ్మ బంగారమేనండీ, కానీ...” అన్నారు. ఆ ‘కానీ’ని దాటించడం నా వల్ల కాలేదు.

“నా వల్లే కదమ్మా” అన్నాను ఆమెతో. ముఖం చూడలేకపోయాను.

“మీరు కాకపోతే వచ్చే ఏడాది ఆ కాగితమే చెప్పేది. ఇరవై ఒకటికే ముసలిదాన్నయిపోయానంటే చూడండి, వీళ్ళు బామ్మ అని ఊరికే అనలేదు!” నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. “తక్కువ జీతానికే సర్దుకున్నానన్నయ్యా. ఈ పన్నెండుమందికీ నడకలొచ్చేదాకా ఉంటే చాలనుకున్నా.”

ఆఖరి రోజు పిల్లలు నిద్రపోతుండగా వెనక తలుపు నుంచి వెళ్ళిపొమ్మన్నారట. ఆమె వెళ్ళలేదు. నేను పాప కోసం వెళ్ళేసరికి, అందరూ లేచేదాకా కూర్చుని, ఒక్కో మంచం దగ్గరా వంగి చెబుతోంది. “రేపట్నించి నేను రాను నాన్నా. కొత్త అక్క వస్తుంది. మంచిదే. పాలు కాస్త వేడిగా కలుపుతుంది, నేను చెప్పాన్లే.” మా పాప ఆమె జడ పట్టుకుని వదల్లేదు. ఇద్దరు పిల్లలు ఏడుపందుకున్నారు.

ఆమెకి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి మడిచే పని దొరికింది. “అక్కడ వయసడగలేదు, ఎంత బరువెత్తగలవన్నారు. దుప్పట్లని నిద్రపుచ్చక్కర్లేదుగా, హాయి” అంది కళ్ళు తుడుచుకుంటూ.

“వీళ్ళకేం అర్థమవుతుందని ఏడిపించడం? నేనైతే రోజూ పొద్దున్న పాప చేతిలో గిలక్కాయ పెట్టి, అటు చూస్తుండగా జారుకుంటాను” అన్నాను.

జడ విడిపించుకుని పాపని నాకందించింది.

“అలా చెయ్యకండన్నయ్యా. చెప్పకుండా మాయమైపోతే, పాపం ఆ పిల్ల రోజంతా మనల్ని కాపలా కాయాలి. చెప్పి వెళ్ళండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ఆ ఏడుపు ముందు కాసేపు నిలబడండి. అంతేగానీ దొంగలా పోకండి.”

ఇప్పుడు రోజూ పొద్దున్న గడపలో మోకాళ్ళ మీద కూర్చుని, “నాన్న పనికెళ్ళి సాయంత్రం వస్తాడమ్మా” అని పాప ముఖంలోకి చూసి చెబుతున్నాను. చాలాసార్లు ఏడుస్తుంది. నిలబడుతున్నాను.