టర్బోకి తీసిన దిష్టి

నిన్న బ్రాడీపేటలో ఎవరింట్లోనో పోపులో ఎండుమిర్చి మాడి వీధంతా తుమ్మింది. నేను మాత్రం నవ్వుకున్నాను.

చిన్నప్పుడు ప్రత్తిపాడులో మా బాబాయికి ఓ పాత కారుండేది. దానికి నీళ్లక్కర్లేదు, ఇంజను గాలికే చల్లబడుతుంది. ఇంజనులోకి గాలిని బలంగా తోసే పాత టర్బో ఒకటి బాబాయి ఎక్కడో సంపాదించి దానికి బిగించాడు.

"ఇంజనుకి గాలి పట్టించానే, ఇక చూస్కో!" అన్నాడు నాతో.

గాలి పట్టినవాళ్లని వేపమండలతో కొట్టడం నేను చూశాను. నాకు భయమేసింది. అనుకున్నట్టే, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలు, కారు దగ్గి ఆగిపోతోంది.

"ఇవాళ నడవకపోతే పాత ఇనుముకి వేసేస్తా" అంది నాయనమ్మ.

నాకు ఏడుపొచ్చింది. బాబాయి మళ్లీ ఇంజను స్టార్ట్ చేయగానే, పట్టిన గాలో దిష్టో పోవాలని గుప్పెడు ఎండుమిరపకాయలు మూడుసార్లు దిగదుడిచి, కాలిపోతున్న టర్బో మీద పడేశాను. ఇంజను ఫ్యాను ఆ ఘాటుని వాకిలంతా విసిరికొట్టింది. అందరూ దగ్గుతూ వీధిలోకి పరిగెత్తారు.

నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తీర్పు చెప్పింది. "దిష్టుంటే మిరపకాయ ఘాటు రాదురా. ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేదు, తప్పు నీ బిగింపులోనే ఉంది. విప్పి చూసుకో!"

బాబాయి విప్పి చూశాడు. టర్బో తోసే గాలికి ఎదురెళ్లి కార్బురేటర్లోకి పెట్రోలు దిగడం లేదు. బలమైన పంపు పెట్టాక కారు ఈల వేసుకుంటూ మమ్మల్నందర్నీ పర్చూరు తీసుకెళ్లింది.

ఇప్పుడు నా ఉద్యోగం ఇంజన్లు పరీక్షించడం. లోపం ఎక్కడుందో వెతికే ముందు ఎక్కడ లేదో తేల్చుకోమని కొత్తవాళ్లకి చెబుతుంటాను. అది నాయనమ్మ దగ్గుతూ నేర్పిన పాఠమని మాత్రం చెప్పను.