కుడికాలి బ్రేకు

“…తోల్కరాలేదు, రైల్ల ఏస్కొచ్చిన అంటే నేను సల్లబడాల్నా? ఎట్లొస్తేంది, ఇంటి ముంగటికైతే వచ్చింది గద.”

“సర్కారు బండి ఇంద్రా. పద్నాలుగు దినాల మాట.”

“సర్కారుదైతే సర్కారు జాగల పెట్టాలె. దవాఖానల గొడ్లను కట్టేసే గుంజలు లేవా? గాడ కట్టేసి రాకపోయినవా?”

భార్య ఇంద్రమ్మ మాటలు వింటూనే నర్సప్ప భుజం మీది రుమాలు తీసి, మోటారు సైకిలు టాంకీ మీద పడిన రైలు మసి తుడిచాడు. ఎర్రటి కొత్త బండి. వాకిట్లో పరిచిన నీలపు బండల మీద అది నిలబడి ఉంటే, చుట్టపుచూపుగా వస్తే ఎవరూ కూర్చోమనని మనిషిలా ఉంది.

నర్సప్ప తాండూరు పశువుల దవాఖానాలో కాంపౌండరు. వయసు నలభై రెండు. వికారాబాద్ స్టేషనులో ఆ బండిని అప్పగించుకుని, అక్కడినుంచి పాతిక మైళ్లు నడుపుకుంటూ రావలసినవాడు. సంతకం చేసి, తాళం చెవి తీసుకుని, దాన్ని తోసుకుంటూ మళ్లీ ప్లాట్‌ఫారం మీదికే వెళ్లి బ్రేకువానులో ఎక్కించాడు. ధారూర్‌లో రైలు ఆగినప్పుడు దిగి వెళ్లి, అది పడిపోలేదు కదా అని చూసి వచ్చాడు. తాండూరులో స్టేషను నుంచి ఇంటిదాకా తోసుకుంటూ వస్తుంటే కిరాణా దుకాణం రాధాకిషన్ గద్దె మీదినుంచి లేవకుండానే అడిగాడు, ఇది తొక్కేదా, తోసేదా అని. దుకాణం ముందున్న నలుగురూ నవ్వారు. నర్సప్ప కూడా నవ్వాడు. కాని ఆ పాతిక మైళ్లు తాను ఎందుకు నడుపుకుంటూ రాలేదో ఆయనకు తెలుసు. వాళ్లకూ తెలుసు.

తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉన్న రోజుల్లో, నలభై తొమ్మిదిలో, దవాఖానాకు పాత మిలిటరీ మోటారు సైకిలు ఒకటి వచ్చింది. అప్పటి డాక్టరుకు దాన్ని ఎక్కితే నడుము పట్టేసేది. ఉర్దూ బడిలో ఏడో తరగతి చదివి కొత్తగా చేరిన నర్సప్ప దాన్ని నేర్చుకున్నాడు. గొడ్లను మందలకు మందలే చంపే ముసర రోగానికి వేసే టీకామందు పట్నం నుంచి పొద్దుటి రైల్లో మంచుపెట్టెలో వచ్చేది. మధ్యాహ్నం లోపల ఊరు చేరి గొడ్లకు సూదులు వేయాలి. మంచు కరిగిందంటే ఆ మందు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. దారిలో గనుల నుంచి బండలు తెచ్చే ఎడ్లబండ్లు ఎదురయ్యేవి. మోటారు చప్పుడుకు ఎద్దులు బెదురుతాయి. అందుకని ఎడ్లబండి కనబడగానే ఇంజను ఆపి, దిగి, తోసుకుంటూ దాటిపోవడం నర్సప్ప అలవాటు. తిరిగేది గొడ్ల కోసం, గొడ్లనే బెదిరిస్తే ఎట్లా అనేవాడు. నాలుగేళ్లు ఆ అలవాటు తప్పలేదు.

యాభై మూడు ఎండాకాలంలో ఒకనాడు, వెనక కట్టిన పెట్టె అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయని చూసి, ఎడ్లబండి ఎదురైనా ఆగలేదు. ఎద్దులు రోడ్డుకు అడ్డం తిరిగాయి. బ్రేకు తొక్కాడు. కింద రాతిపొడి. ఎద్దులకేమీ కాలేదు గాని నర్సప్ప కుడికాలు మోటారు సైకిలు కింద నలిగింది. పట్నం దవాఖానాలో నాలుగు నెలలు పడుకున్నాడు. ఎముక అతుక్కుంది. చీలమండ మాత్రం సగమే వంగుతుంది. ఆ నాలుగు నెలలూ ఇంద్రమ్మ రెండేళ్ల కూతురు దేవమ్మను పక్కలో వేసుకుని మంచం కింద పడుకుంది. ఇంటికి వచ్చే రోజున, బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టించి, ఇంక మోటారు ముట్టనని అనిపించుకుంది.

తొమ్మిదేళ్లు ముట్టలేదు. బస్సు ఉన్నచోటికి బస్సులో, లేనిచోటికి సైకిలు మీద మందు తీసుకుపోయాడు. దగ్గరి ఊళ్లకు మందు అందేది, దూరపు ఊళ్లకు అందేది కాదు. కిందటేడు బంట్వారం అవతల ఒక ఊరికి చేరేసరికి పొద్దుగూకింది. పెట్టె తెరిస్తే లోపల వెచ్చటి నీళ్లు. అయినా సూదులు వేస్తారేమోనని కొండమ్మ అనే ఒక ముసలామె తన జత ఎడ్లను పట్టుకుని అక్కడే నిలబడింది. లాభం లేదని ఆమెకు చెప్పడానికి నర్సప్పకు చాలాసేపు పట్టింది. పది రోజుల తర్వాత మళ్లీ వెళ్తే ఆమె కొట్టంలో గుంజలు మాత్రమే ఉన్నాయి.

కొత్త డాక్టరు వెంకటేశ్వర్‌కు ముప్పై ఏళ్లు కూడా లేవు. మాట మెత్తన, లెక్క కచ్చితం. పద్నాలుగు రోజులు అలవాటు చేసుకోమన్నాడు, రెండో ఆదివారం తాను వచ్చి చూస్తానన్నాడు. ఏ కొంచెం అనుమానం ఉన్నా బండిని వికారాబాద్ దవాఖానాకు రాసిస్తానని, అక్కడ నడిపే మనిషి ఉన్నాడని ముందే చెప్పాడు.

వికారాబాద్ స్టేషను ఎదురుగా మోటార్లు బాగుచేసే కిష్టయ్య ఒకప్పుడు పట్టాళంలో లారీలు నడిపినవాడు. నర్సప్ప ఒకసారి ఆయన పాడిబర్రెను బతికించాడు. ఆ చనువుతో రోజూ ప్యాసింజరులో తాండూరు వచ్చి నేర్పుతానన్నాడు. సంత లేని రోజుల్లో సంత మైదానం ఖాళీగా ఉంటుంది.

మొదటిరోజు కిష్టయ్య ఇంజను ముట్టుకోనివ్వలేదు. బండిని పక్కకు పడేసి లేపమన్నాడు. నాలుగుసార్లు లేపేసరికి నర్సప్ప అంగీ తడిసిపోయింది. తర్వాత కూర్చోబెట్టి కాళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో చూపించాడు. నర్సప్పకు అప్పుడు తెలిసింది. పాత బండికి బ్రేకు ఎడమకాలికి, గేరు కుడికాలికి. దీనికి గేరు ఎడమకాలికి ఉంది, బ్రేకు కుడికాలికి. విరిగిన కాలికి.

కిష్టయ్య సంచిలోంచి పానా తీసి, బోల్టు వదులు చేసి, బ్రేకు పెడలును రెండు వేళ్లు కిందికి దింపి, ఇప్పుడు తొక్కమన్నాడు. వంగినంత చీలమండతోనే అందింది.

“కాలు అందుతది,” అన్నాడు కిష్టయ్య. “ఇగ అందాల్సింది బుద్ధి.”

నాలుగు రోజుల్లో నర్సప్ప మైదానం చుట్టూ నింపాదిగా తిరిగాడు. మలుపులు తిరిగాడు, చెప్పినచోట ఆపాడు. కిష్టయ్య గీసిన ముగ్గుగీత దగ్గర ఆపమంటే గీత మీద ఆపాడు. ఐదోరోజు ఇంద్రమ్మ సద్ది తెచ్చింది. ఇంట్లో ఆమె మాట్లాడడం మానేసి ఐదురోజులైంది. మూట కింద పెట్టి వెళ్లిపోబోతుండగా, అటువైపు మేస్తున్న మేకపిల్ల ఒకటి చెంగున నర్సప్ప ముందుకు దూకింది. ఆయన ఎడమకాలు గట్టిగా తొక్కింది. బండి ఆగలేదు. ఇంజను ఒక్కసారి అరిచింది, బండి అట్లాగే ముందుకు జారింది. కుడికాలు గుర్తొచ్చి ఆపేసరికి మేకపిల్ల ఎప్పుడో దాటిపోయింది.

ఇంద్రమ్మ వెనక్కి తిరిగి వచ్చింది. భర్తతో కాకుండా కిష్టయ్యతో మాట్లాడింది.

“అన్నా, ఆయన ఆపాలె అనుకున్నప్పుడు మంచిగనే ఆపుతుండు. అనుకోనప్పుడు పాత బండి మీద ఉంటుండు.”

కిష్టయ్య ఆమెను కాసేపు చూశాడు. తన నోట రావలసిన మాట ఆమె నోట వచ్చినందుకు కొంచెం సిగ్గుపడ్డట్టు బీడీ పారేశాడు. అట్లయితే అనుకోనివి చేయడానికి ఒక మనిషి కావాలన్నాడు. తాను ఎప్పుడు అడ్డం వస్తాడో నర్సప్ప పసిగట్టేస్తాడు, పెండ్లాం మనసులో ఏముందో మాత్రం ఇరవై ఏళ్లు కాపురం చేసినా తెలియదు కదా అన్నాడు.

“నేను రాను,” అంది ఇంద్రమ్మ. మరునాడు తమ బర్రెను తోలుకుని వచ్చింది.

బర్రె పనికి రాలేదు. మోటారు చప్పుడుకు అది బెదరలేదు సరికదా, మైదానం నడుమ పడుకుని నెమరేసింది. దాని చుట్టూ తిరగడం నర్సప్పకు మంచి అలవాటయిందని కిష్టయ్య అన్నాడు. ఆ తర్వాత ఇంద్రమ్మ గోనెసంచిలో కందిపొట్టు కూరి, మూతి కుట్టి తెచ్చింది. సంత రేకుల పాకల వెనక ఎక్కడో నిలబడేది. ఒకసారి మూడు చుట్లకు, ఒకసారి పదహారు చుట్లకు, ఒకసారి గంటసేపు ఏమీ చేయకుండా ఊరుకుని, నర్సప్ప చెమట తుడుచుకోబోయే క్షణాన సంచిని బండి ముందుకు దొర్లించేది. మొదటిరోజు ప్రతిసారీ ఎడమకాలే తొక్కింది. ఆమె వచ్చి సంచి తీసుకుని, దులిపి, మళ్లీ పాకల వెనక్కి పోయేది. మూడు రోజులు తిరిగేసరికి నాలుగైదు సార్లకు ఒకసారి తప్పేది, ఆ తర్వాత రోజుకు ఒకటి. పన్నెండోరోజు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ సాయంత్రం ఇంద్రమ్మ అన్నం పెడుతూ, కూర సరిపోయిందా అని అడిగింది.

పదమూడోరోజు పొద్దున నర్సప్ప ఎవరికీ చెప్పకుండా రోడ్డెక్కాడు. కాగ్నా వాగు దాకా పోయి రావాలనుకున్నాడు, అంతే. ఊరు దాటగానే బండల బండి ఎదురైంది. ఇంజను ఆపి, దిగి, తోసుకుంటూ దాటాడు. బండి మీది ఎంకయ్య ఆయన్ను గుర్తుపట్టి, కాలు ఎట్లుందని అడిగాడు. ఎద్దులు తల కూడా తిప్పలేదు. తొమ్మిదేళ్లనాడు ఇదే రోడ్డు మీద ఇట్లాగే దిగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటూనే నర్సప్ప మళ్లీ ఎక్కాడు. గాలి చల్లగా తగులుతోంది. రెండు పక్కలా కోసిన కందిచేలు. చాలా రోజుల తర్వాత ఆయనకు కాలు గురించిన ఆలోచనే లేదు.

వాగు దగ్గర తిరుగుముఖం పట్టాక, కందిమోళ్లలోంచి అడవిపంది ఒకటి రోడ్డు మీదికి వచ్చింది.

ఎడమకాలు తొక్కింది.

బండి జారుకుంటూ రోడ్డు దిగి చేనులోకి పోయింది. పడలేదు. మెత్తటి నల్లరేగడిలో చక్రం దిగబడి దానంతట అదే ఆగింది. పంది వెళ్లిపోయింది. రోడ్డు మీద ముందూ వెనకా ఒక్క మనిషి లేడు. నర్సప్ప దిగి గట్టు మీద కూర్చున్నాడు. చూసినవాళ్లు ఎవరూ లేరన్న మాట ఆయనకు మొదట ధైర్యంగానే తోచింది.

ఆదివారం డాక్టరు వెంకటేశ్వర్ కాగితం, పెన్ను పట్టుకుని మైదానానికి వచ్చాడు. కిష్టయ్య పొద్దుటి రైలుకే వచ్చాడు. నర్సప్ప చుట్లు కొట్టాడు, మలుపులు తిరిగాడు, గీత మీద ఆపాడు. ఇంద్రమ్మ ఏడుసార్లు సంచి దొర్లించింది. ఏడుసార్లూ కుడికాలు తొక్కింది, ముందు చక్రం సంచిని ముట్టుకోలేదు. డాక్టరు సంతోషించాడు. బంట్వారం వైపు మళ్లీ ముసర కనబడిందనీ, గురువారం పొద్దుటి రైలుకు మంచుపెట్టె వస్తుందనీ, ఆ పని నర్సప్పకే రాస్తున్నాననీ చెప్పి పెన్ను మూత తీశాడు.

“సార్, రాయకుర్రి జర,” అన్నాడు నర్సప్ప.

నిన్న పొద్దున జరిగినదంతా చెప్పాడు. వాగు దాకా పోవడం, పంది రావడం, ఎడమకాలు తొక్కడం. చెబుతున్నంతసేపూ బండి హ్యాండిల్ వైపే చూశాడు. ఇంద్రమ్మ చంకలోని సంచి నెమ్మదిగా కిందికి జారింది. ఆయన రోడ్డెక్కిన సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది.

“పడ్డవా?” అని అడిగాడు కిష్టయ్య.

“పడలే.”

“దిగి ఏం జేసినవ్?”

“కూసున్న జరసేపు. ఎన్కసిరి చేన్లకెల్లి బండి గుంజి, అదే జాగల అటిటు పోయిన. మనసుల పంది వచ్చిందనుకునుడు, కుడికాలు తొక్కుడు. ఎండెక్కెదాంక గదే పని.”

డాక్టరు పెన్ను మూత మళ్లీ పెట్టాడు. ఈ మాట చెప్పకపోతే తనకు తెలిసేది కాదు కదా అన్నాడు. అవునన్నాడు నర్సప్ప. ఇప్పుడు ఈ బండిని వికారాబాద్‌కు రాసేయాలి, ముందు అనుకున్న మాట అదే కదా అన్నాడు డాక్టరు. అవునన్నాడు నర్సప్ప. కొండమ్మ కొట్టం గురించి ఏమీ చెప్పలేదు. చెబితే బతిమాలినట్టవుతుంది.

కిష్టయ్య నేల చూశాడు. డాక్టరు కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పి, ఎవరైనా ఏమైనా అంటారేమోనన్నట్టు ముగ్గురినీ చూశాడు. ఈ రోజుల్లో మంచుపెట్టె చిన్నదే గాని, వెనక తాడుతో కడితే గతుకులకు లోపలి సీసాలు పగులుతున్నాయని, ఆ సంగతి కూడా చూడవలసి ఉందని ఊరికే అన్నాడు.

ఇంద్రమ్మ కింద పడ్డ సంచిని లేపి, దులిపి, మోటారు సైకిలు వెనక సీటు మీద పెట్టింది. అది అక్కడ నిలుస్తుందా అని చేత్తో నొక్కి చూసింది. తర్వాత తీసి కిష్టయ్య చేతికిచ్చింది.

“ఇయ్యాల్టి నుంచి బుధారం దాంక నేను ఎనక కూసుంట, సంచి కిష్టన్న ఏస్తడు,” అంది డాక్టరుతో. “గురువారం నాడు పెట్టె నా ఒళ్లె పెట్టుర్రి సార్. బంట్వారం ఇద్దరం పోతం.”