కిటికీ లేని ఓడగది

నిద్ర విషయంలో త్రినాథరావుకి సాటి రాగలవాడు భిలాయి ఊళ్ళో ఖుర్సీపార్ పేటంతా గాలించినా దొరకడు. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. కాస్త ఎగతాళి ఉంటే ఉండొచ్చు గానీ చాలామటుకు నిజమే.

చీపురుపల్లి పక్క పల్లె నుంచి, మీసాలు సరిగ్గా రాకముందే బావగారి వెంట భిలాయి వచ్చి పడ్డాడు. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర, కరిగిన ఇనుము కాలవ కట్టి పారే చోట ఉద్యోగం. ఆ వేడిలోనే మీసాలు పెంచాడు, ఆ వేడిలోనే నెరిపించుకున్నాడు, ఆ నెరిసిన మీసాలతోనే రిటైరయ్యాడు. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఇంకో వారం నైటు. ఇది చాలదన్నట్టు ఎవడికి పెళ్ళయినా, ఎవడి పిల్లాడికి జ్వరమొచ్చినా వాడి నైటు కూడా ఈయనే చేసేవాడు.

నైటు చేసి వచ్చినవాడు పగలు పడుకోవాలి. పడుకోవాలంటే చీకటి కావాలి. అందుకని ఖుర్సీపార్ క్వార్టర్లో కిటికీల అద్దాలన్నిటికీ పేపర్లు అంటించి, వాటి మీద పాత రగ్గులు కట్టించాడు. ఆ ఇంట్లో దేవుడి మూలకి లేని మడి ఆయన పడకగదికి ఉండేది. కుక్కరయితే కూత పెడుతుందని భార్య సింహాచలమ్మ తపేలాలోనే అన్నం వార్చేది. గాజులు మోగకుండా మోచేతి దాకా ఎగదోసుకుని పిల్లిలా తిరిగేది. బియ్యంలో రాళ్ళు ఏరాలంటే వీధి తలుపు కింద సందులోంచి వచ్చే వెలుగు దగ్గర చేట పెట్టుకుని కూర్చునేది. కూతురు రజనీకుమారి పదమూడో ఎక్కం దాకా పెదాలు కదిపే నేర్చుకుంది. కూరగాయల బండివాడు సందంతా గొంతు చించుకుని అరుస్తూ వచ్చి, సరిగ్గా ఈ గుమ్మం ముందుకొచ్చేసరికి, “దీదీ... భిండీ...” అని చెవిలో రహస్యం చెప్పినట్టు చెప్పి పోయేవాడు.

రిటైరయ్యాక భిలాయిలోనే కోహ్కాలో సొంత ఇల్లు కట్టుకున్నారు. సింహాచలమ్మ ముచ్చటపడి పెద్ద పెద్ద కిటికీలు పెట్టించింది. గృహప్రవేశం అయిన మర్నాడే వాటికి రగ్గులు ఎక్కాయి. షిఫ్టులు పోయాయి గానీ షిఫ్టు నిద్ర ఎక్కడికి పోతుంది?

“వెలుతురుంటే రెప్ప పడదే. ఏటి సెయ్యమంటావు?” అన్నాడు త్రినాథరావు.

“సర్లెండి” అంది సింహాచలమ్మ. ఆవిడ కాపురంలో ఎక్కువసార్లు పలికిన మాట అదే.

ఇలా ఉండగా, రాయపూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న రజనీకుమారికి అమ్మానాన్నల్ని ఓడ ఎక్కించాలన్న బుద్ధి పుట్టింది. ముంబైలో ఎక్కితే లక్షద్వీప్ దాకా తీసుకెళ్ళి, అక్కడ ఒక దీవి చూపించి, మళ్ళీ ముంబైలో దింపుతారు.

“పప్పా, మీరక్కడ కుఛ్ భీ చెయ్యక్కర్లేదు. తినడం, పడుకోవడం, బస్. పూరా రిలాక్స్!” అంది ఫోన్‌లో.

పడుకోవడం అన్న మాట వినగానే త్రినాథరావు ఫోన్ రెండో చెవికి మార్చి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆ పైన సముద్రం గురించీ దీవి గురించీ ఆ పిల్ల ఎంత చెప్పినా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

“మమ్మీ, నీకేం కావాలో చెప్పు” అంది రజని.

సింహాచలమ్మ ఆలోచించుకోను కూడా లేదు. “కిటికీ ఉన్న గది కావాలే. పడుకున్నకాడి నుంచి సముద్రం కనబడాల. ఇంకేటీ వద్దు.”

విశాఖపట్నంలో ఎన్నిసార్లు రైలు దిగినా ఆవిడ సముద్రాన్ని కళ్ళారా చూసింది లేదు. పెళ్ళికో చావుకో వెళ్ళడం, దిగీ దిగగానే బస్టాండుకి పరిగెత్తడం. “వచ్చేసారి చూద్దుంలే” అనేవాడు త్రినాథరావు. ఆ వచ్చేసారి ఇన్నేళ్ళకి ఓడ రూపంలో వచ్చింది. చీర అడగని మనిషి, నగ అడగని మనిషి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు తెరిచి ఒక కిటికీ అడిగింది.

గది ఎంచుకుని ఖాయం చేసే పని రజని తండ్రికి అప్పగించింది. ఎంత చదువుకున్న పిల్లయినా ఒక్కోసారి ఇలాంటి పని చేస్తుంది మరి.

దగ్గర్లో సుపేలా బజారులో టికెట్ల దుకాణం నడిపే మనోజ్‌కుమార్ కంప్యూటర్లో బొమ్మలు చూపించాడు. ఇదిగో బాల్కనీ ఉన్న గది, ఇదిగో కిటికీ ఉన్న గది అని చూపించి, చివర్న కిటికీ లేని లోపలి గది దగ్గర కొంచెం నసిగాడు.

“ఔర్ యే అందర్ వాలా హై అంకుల్. ఖిడ్కీ నహీ హై.”

“దిన్ మే?” అన్నాడు త్రినాథరావు, ఒక్కసారి నిటారుగా కూర్చుని.

“దిన్ మే భీ ఏక్‌దమ్ అంధేరా” అన్నాడు మనోజ్‌కుమార్, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.

పగలు కూడా కటిక చీకటి! త్రినాథరావుకి ఒళ్ళు పులకరించింది. రగ్గు కట్టక్కర్లేదు, పేపరు అంటించక్కర్లేదు. వెలుగు దూరడానికి చిల్లే లేని గది తన కోసం ఎవడో కట్టి పెట్టాడు. సింహాచలమ్మ అడిగిన కిటికీ గుర్తు రాకపోలేదు. సముద్రం ఎక్కడికి పోతుంది, పైకెళ్ళి చూసుకోవచ్చు, నిద్రయితే గదిలోనే కదా పోవాలి అని తనకి తానే సర్దిచెప్పుకుని చీకటి గదే ఖాయం చేశాడు. పిసినారితనం అనుకునేరు, కాదు. తను ఎరిగున్న సుఖాల్లోకెల్లా గొప్ప సుఖం పెళ్ళానికి కూడా రుచి చూపిద్దామనే పాపం ఆయన ఆశ.

పాత స్నేహితుడు రాజాబాబుకి చెబితే వాడు నోరెళ్ళబెట్టాడు. వాడూ ఫర్నేసువాడే.

“పగలూ చీకటేనేట్రా? అదృష్టవంతుడివిరా బాబూ!”

నైటు షిఫ్టులు చేసినవాడికి తప్ప ఇంకొకడికి అర్థంకాని అసూయ అది. త్రినాథరావు మీసం దువ్వుకున్నాడు. ఇంట్లో మాత్రం గది సంగతి చెప్పలేదు. అక్కడికెళ్ళాక చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు.

ఆశ్చర్యమయితే నిజంగానే పడింది సింహాచలమ్మ. మాగాయ సీసా ఉన్న సంచీ ఇంకా భుజాన ఉండగానే ఓడలో తమ గదిలోకి వెళ్ళి, ఎదురుగా గోడకి వేలాడుతున్న పూల తెర చూసి మొహం విప్పార్చుకుంది. గబగబా వెళ్ళి తెర లాగింది. తెర వెనకాల గోడ ఉంది. నునుపుగా, తెల్లగా, రివెట్టు కూడా లేని గోడ.

“ఏటండీ ఇది?”

“గోడే! తెర ఊరికే అందానికి. ఉండు, ఉండు, అసలుది చూపిత్తాను” అని త్రినాథరావు తలుపేసి లైటు తీసేశాడు. “చూసేవా? కళ్ళు తెరిచినా మూసినా ఒకటే! ఇలాటి చీకటి మనింట్లో ఎన్ని రగ్గులు కడితే వొస్తాది చెప్పు?”

చీకట్లో ఆవిడ మొహం కనబడలేదు, అది ఆయన అదృష్టం. మాట మాత్రం వినబడింది.

“బాగున్నాది. పడుకోండి మరి.”

ఆయన పడుకున్నాడు. పడుకోవడమంటే అలా ఇలా కాదు. ఓడ ముంబై దాటింది తెలీదు, పైన పాటలూ గంతులూ తెలీవు. ఆకలేస్తే లేచి పైకెళ్ళి, బఫేలో ఇడ్లీ పక్కన పెట్టిన ఎర్రటి ముద్ద చట్నీ కాదని తిట్టుకుని, తిని, దిగొచ్చి మళ్ళీ పడుకునేవాడు. సింహాచలమ్మ ఎప్పుడు వెళ్తోందో, ఎప్పుడు వస్తోందో పట్టించుకోలేదు. రాత్రిళ్ళు పక్కన ఉండేది. పగలు తలుపు చప్పుడు కాకుండా జారుకునేది. చప్పుడు కాకుండా తలుపు వేయడంలో ఆవిడ అనుభవం తక్కువదేం కాదు.

దీవికి వెళ్ళిన రోజు మాత్రం చిన్న పడవలో ఆయన్నీ లాక్కెళ్ళింది. తెల్లటి ఇసక, చుట్టూ కొబ్బరిచెట్లు, ఆకుపచ్చగా తేటగా నీళ్ళు. సింహాచలమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మోకాళ్ళ దాకా దిగింది. అల వచ్చి కొడితే, “ఓలమ్మో!” అని కేక పెట్టి పకపకా నవ్వింది. ఆ కేకకి త్రినాథరావు అదిరిపడ్డాడు. ఈ మనిషికి ఇంత గొంతుందా అనుకున్నాడు. ఆ పైన ఎండ మాడుస్తోందనీ, కళ్ళు మండుతున్నాయనీ సణిగి, కొబ్బరిబోండం తాగి, మొదటి పడవలోనే తిరిగొచ్చి గదిలో దూరాడు. “మీరెల్లండి, నేనొస్తాను” అంది ఆవిడ.

ఎంతసేపు పడుకున్నాడో తెలీదు. ఇంక నిద్ర పట్టనంతగా పడుకుని లేచాడు. చీకటి. పగలో రాత్రో తెలీదు. “ఏమే” అన్నాడు. పలుకు లేదు. పక్కన తడిమాడు, పక్క చల్లగా ఉంది. బయట నడవాలో ఎవరో నవ్వుకుంటూ పోతున్నారు. మంచినీళ్ళ కోసం చెయ్యి చాపితే గ్లాసు కిందపడి ఖంగుమంది. ఆ చప్పుడికి తనే భయపడి, నాలిక్కరుచుకుని, ఎవరైనా లేస్తారేమోనన్నట్టు కదలకుండా కూర్చున్నాడు.

అలా కూర్చుంటే ఊపిరాడనట్టయింది. చీకటంటే ఆయనకి తెలిసింది నిద్రపోయే చీకటి. మెలకువగా, చప్పుడు చెయ్యకుండా, బయట లోకమంతా తిరుగుతుంటే ఒక్కడూ చీకట్లో కూర్చోవడం ఆయన పుట్టాక ఇదే మొదటిసారి. కాసేపటికే దీని దుంపతెగ, ఇదేం గదిరా అనిపించింది. ఆ వెంటనే, ఇన్నేళ్ళూ సింహాచలమ్మ మెలకువగా తిరిగింది ఇలాంటి చీకట్లోనే కదా అని కూడా అనిపించింది. అది అనిపించగానే లైటు కోసం తడుముకుని, చెప్పులు ఎడమది కుడికీ కుడిది ఎడమకీ తొడుక్కుని పైకి పరిగెత్తాడు.

పైన ఎండ ఫెళ్ళున కాస్తోంది. లౌడ్ స్పీకర్లో హిందీ పాట చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. పిల్లలు నీళ్ళ తొట్టిలో దూకుతున్నారు. ఆ సంత మధ్యలో, సముద్రం వైపు వేసిన పొడుగు కుర్చీలో వెల్లకిలా పడుకుని, మొహం మీద ఎండ పడుతుండగా, నోరు తెరుచుకుని సింహాచలమ్మ గాఢంగా నిద్రపోతోంది.

త్రినాథరావు అక్కడే ఆగిపోయాడు. పట్టపగలు భార్య నిద్రపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. చూసే వీలేదీ? తను పడుకున్నప్పుడల్లా ఆవిడ మేలుకునేది. పక్క కుర్చీలో మెల్లిగా కూర్చున్నాడు. అంత వెలుతురులో ఆ మొహాన్ని అంతసేపు చూడటం కూడా ఆయనకి కొత్తే. ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందని గుర్తుంది గానీ, రెండున్నాయని తెలీదు.

చెయ్యి కుర్చీ అంచు మీంచి వేలాడుతోంది. గాజులు మణికట్టు దాకా జారాయి. వాటి పైన, మోచేతి కింద, బెత్తెడు పొడుగున చర్మం ముడుచుకుపోయి మెరుస్తోంది. బతుకంతా కాలిన చర్మాలు చూసినవాడు. అది ఏమిటో, పాతదో కొత్తదో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నీడ పడిందేమో, ఆవిడ కళ్ళు తెరిచి గాభరాగా లేవబోయింది. “లేచేసేరా? ఆకలేస్తందేటి?”

“కూకో” అన్నాడు. “ఈ చెయ్యి ఎప్పుడు కాలిందే?”

సింహాచలమ్మ చెయ్యి వంక, అది తనది కానట్టు చూసుకుంది. “ఇదా? అబ్బో, రజని కడుపులో ఉన్నప్పుడు. వంటింట్లో లైటేస్తే మీ గదిలోకి వెలుగొస్తాదని చీకట్లో గంజి వారుస్తుంటే తపేలా జారింది.”

“నాను ఇంట్లోనే ఉన్నానా?”

“పడుకున్నారు.”

“మరి అరవలేదేటే?”

“పడుకున్నారంటన్నాను కదా” అంది సింహాచలమ్మ, ఇంత చిన్న విషయం ఈయనకి అర్థం కాదేమని విసుక్కుంటూ. “ఆ రోజు మళ్ళీ మీకు నైటు. నిద్దర చాలకుండా ఆ ఇనప కాలవ కాడికెళ్ళి తూలిపడితే నా గతేటి? నాది చెయ్యే కదా కాలింది.”

ఇన్నేళ్ళూ త్రినాథరావు తన నిద్రకి తనే రాజుననుకున్నాడు. ఆ నిద్ర, తన ప్రాణానికేమవుతుందోనన్న భయంతో ఆవిడ కాసిన కాపలా అని ఏనాడూ తట్టలేదు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. నెరిసిన మీసాలు వణికాయి.

“తప్పయిపోయింది, సింహాచలం. కిటికీ ఒక్కటి అడిగితే...” అన్నాడు.

“చాల్లెండి, ఊరుకోండి! ఆ ఎనక కుర్చీల్లో పంజాబోళ్ళు చూస్తన్నారు” అని గదిమింది ఆవిడ. “నన్ను ఆ గదిలో కట్టేసేరేటి? ఈ ఓడంతా తిరిగేసేను. రండి, ఒరగండి. ఎండ మీకు పడదు కదా.”

ఆయన ఒరిగాడు. ఆవిడ అలవాటు కొద్దీ తన చీర కొంగు తీసి ఆయన కళ్ళ మీద కప్పింది.

“తీసీ” అన్నాడు త్రినాథరావు. “తీసియ్యే. నాను పడుకోను.”

“మరేటి చేస్తారు?”

“నువ్వు పడుకో. నాను మేలుకుంటాను.”

సింహాచలమ్మ కాసేపు ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది. తర్వాత కొంగు తీసుకుని, “సర్లెండి” అని, సముద్రం వైపు ఒత్తిగిల్లి కళ్ళు మూసుకుంది.