శోభారాణి చెప్పని మాట

ఖిలా వరంగల్‌లో కీర్తితోరణాల మధ్య పడి ఉన్న రాళ్ళ గురించి శోభారాణికి తెలిసినంత మరొకరికి తెలియదు. ఇది పొగడ్త కాదు. పన్నెండేళ్ళు ఆ రాళ్ళ మీది పావురాల రెట్టను తడిగుడ్డతో తుడిచింది ఆమే. ఏ హంస ముక్కు విరిగిందో, ఏ సింహం పంజాకు గోరు లేదో ఆమె చేతివేళ్ళకు తెలుసు. పరకాల దగ్గరి పల్లె నుంచి కోడలిగా వచ్చి, కోటలో ఊడ్చే పనిలో చేరింది. గైడ్లు చెప్పేది చెవిన వేసుకుంటూ ఊడ్చేది. వాళ్ళు తప్పు చెప్తే మనసులోనే దిద్దుకునేది.

ఆమె పగ అర్థం కావాలంటే రాజేశ్వర్ రావు ఎవరో తెలియాలి. ఆయన ఇరవై ఏళ్ళుగా అక్కడ గైడ్. ఇస్త్రీ చొక్కా, ఖంగుమనే గొంతు, నోటికి వచ్చిన ఒక గంట ప్రసంగం. బడిపిల్లలొచ్చినా, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలొచ్చినా అదే గంట, అవే జోకులు. మధ్యలో ఎవరైనా ఆపితే పాపం మళ్ళీ మొదటికి పోవాల్సిందే. "వచ్చేది ఎవరని అడిగి ఏం చేస్తం? వచ్చినోళ్ళను బట్టి కాకతీయులు మారుతరా?" అనేవాడు. రెండు మాటలకొకసారి "ఇటు చూడండి" అనకపోతే ఆయనకు వాక్యం ముందుకు సాగదు.

ఎనిమిదేళ్ళ కింద, చూడవచ్చిన ఒకావిడ ఊడుస్తున్న శోభారాణిని ఏదో అడిగింది. ఆమె చీపురు పక్కన పెట్టి, ఒక రాతి మీది ఏనుగుల వరుస చూపించింది. "అన్ని ముందుకే పోతానయమ్మా. చివరిదొక్కటే తల వెనక్కి తిప్పి పిల్లకోసం చూస్తాంది." నిజంగానే దాని వెనక విరిగిపోయిన చిన్న కాలొకటి మిగిలి ఉంది. ఆవిడ మురిసిపోయింది. అంతలో రావు వచ్చాడు.

"చీపురు పట్టినోళ్ళు గూడ చరిత్ర చెప్తె ఇగ మేమెందుకమ్మా?" అన్నాడు. ఆయన వెంట ఉన్న నలభై మందీ ఫక్కున నవ్వారు.

ఆ నవ్వును ఆమె మింగేసేదేమో. కానీ వారం తిరగకుండా ఆ ఏనుగు రావు ప్రసంగంలో చేరింది. "ఇది నా సొంత పరిశీలన" అని కూడా అన్నాడు, పది అడుగుల దూరంలో ఆమె ఊడుస్తుండగానే! ఆమె ఒళ్ళు మండిపోయింది. నలుగురి ముందు వీడి నోరు మూయించకపోతే నేను శోభారాణినే కాదు అనుకుంది.

పగ ఆమెను కూర్చోనివ్వలేదు. పదో తరగతి కట్టి పాసైంది. హనుమకొండలో రెండు వారాల గైడ్ శిక్షణకు పోయింది. వచ్చినవాళ్ళెవరో ముందు అడగాలనీ, తెలిసిందంతా కుమ్మరించకుండా వాళ్ళను వెతుక్కోనివ్వాలనీ అక్కడ చెప్పారు. సర్టిఫికెట్ చేతికొచ్చింది గానీ, గేటు దగ్గరే రావు ప్రతి గుంపునూ ఎత్తుకుపోయేవాడు. ఆమె చేతిలో మళ్ళీ చీపురే.

ఈ మార్చిలో సుభాషిణి అనే ఆమె రావును చూడటానికి వస్తానంది. హనుమకొండలో బడిపిల్లల టూర్లు నడిపే మనిషి. ఒక బృందాన్ని తీసుకొచ్చి, ఆయన చెప్పే తీరు నచ్చితే ఏడాది పొడుగునా టూర్లన్నీ ఆయనకే. ఏ పిల్లలను తెస్తుందో ఆయన అడగలేదు. నాలుగు రోజుల ముందు ఆ పిల్లల మాస్టారు కుమారస్వామి మెట్లు చూసుకోవడానికి వచ్చి, శోభారాణిని పలకరించాడు.

"ముప్పై మంది పిల్లలమ్మా, ఎవ్వరికి చూపు లేదు. గైడ్ సారుకు జర ముందే చెప్పు, తయారుగ ఉంటడు."

"అట్లనే సార్, చెప్త" అంది.

చెప్పలేదు. రోజూ పొద్దున రావు ఆమె పక్కనే నిలబడి చాయ్ తాగాడు. రోజూ ఆ మాట నాలుక చివరికి వచ్చింది, రోజూ తియ్యగా మింగింది. సాయంత్రాలు మాత్రం రాళ్ళు కడిగి, కళ్ళకు కొంగు కట్టుకుని, తడుముతూ ఎలా చెప్పాలో నేర్చుకుంది.

గురువారం బస్సు దిగిన పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరుసగా వచ్చారు. రావు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇటు చూడండి" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. "పైన హంసలు... అంటే... అనుకోండి." తడబడ్డాడు, మొదటికి పోయాడు. మళ్ళీ "చూడండి" దగ్గరే పడ్డాడు. గంటసేపు ఎండలో అదే వరస. దూరంగా నీడలో నిలబడి శోభారాణి కడుపునిండా ఆనందించింది. దాచుకోవడం ఎందుకు, అంత సుఖం ఆమె పెళ్ళినాడు కూడా ఎరగదు.

"ఇంకెవరన్న గైడ్లు ఉన్నారా?" అని సుభాషిణి విసుగ్గా అడిగింది. శోభారాణి సర్టిఫికెట్ తీసి ముందుకొచ్చింది.

"ఏనుగును ఎప్పుడన్న ముట్టుకున్నరా?" అని పిల్లలను అడిగింది. లేదన్నారు. ఆరుగురి చొప్పున తీసుకుపోయి, వాళ్ళ చేతులు రాతి మీద పెట్టి ఊరుకుంది. "తొండం!" అని ఒకడు అరిచాడు. "అక్కా, ఇది వెనక్కి తిరిగింది!" అని ఇంకొకడు. సుభాషిణి అక్కడికక్కడే ఏడాది టూర్లు ఆమెకు ఖాయం చేసింది.

రావు పక్కకు వచ్చాడు. "నీకు ముందే తెలుసు గదా?"

"చీపురు పట్టినదాన్ని, నాకేం తెలుస్తది సార్?" అంది. ఆయన తలవంచుకుని స్కూటర్ వైపు పోయాడు. ఎనిమిదేళ్ళ మంట చల్లారింది.

మూడు జట్లే పూర్తయ్యాయి. కుమారస్వామి బస్సుకు టైమైందని పిలిచాడు. ఇంకా వంతు రాని పన్నెండు మందిలోంచి అక్షర అనే పెద్దపిల్ల చెమటతో తడిసిన ముఖాన్ని శోభారాణి గొంతు వైపు తిప్పింది.

"అక్కా, మేం వస్తానమని మా సారు ముందే చెప్పిండట. నీకేనా?"

"ఔ."

"ఆ గైడ్ సారుకు చెప్పలేదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ ఆ పిల్లతో ఆడలేకపోయింది. "చెప్పలే."

"మీ ఇద్దరి మధ్య ఏముందో నాకెరుక లేదు. గంట ఎండల నిలబడ్డది మేము." చెయ్యి ముందుకు చాపింది. "ఏనుగుల రాయి ఎంత దూరముంది?"

"ఇరవై అడుగులు."

రావు మీద శోభారాణికి ఇప్పటికీ జాలి లేదు. కానీ ఆ ఇరవై అడుగులూ ఆ పిల్లను తీసుకుపోవడానికి రెండు నిమిషాలు కూడా మిగల్లేదు. కుమారస్వామి మళ్ళీ పిలిచాడు. అక్షర ముందున్న పిల్ల భుజం పట్టుకుని బస్సెక్కింది.