వెనక్కి తిరిగిన ఒంటె

రియాద్‌లో మా ఆఫీసు ముందు కాలిబాట తవ్వి మళ్ళీ వేస్తున్నారు. పీకిన రాళ్ళను ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. రాయికి రాయి తగిలే ఆ పొడి శబ్దం కిటికీ మూసినా ఆగడం లేదు. అది వింటే నా కాలివేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. సౌదీలోనే ఉత్తరాన ఉన్న తబూక్‌లో మస్తాన్ గారు పోయిన సాయంత్రం నా వెంట వచ్చిన శబ్దం అదే.

మస్తాన్ గారిది కడప వైపు. రోడ్లు వేసే కంపెనీలో సర్వే విభాగానికి పెద్ద, నాకు పై అధికారి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కరీంనగర్ నుంచి కొత్తగా వెళ్ళిన నేను సెలవురోజుల్లో క్యాంపు గదిలో గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఇంటికి ఫోన్ చేసినా రెండు ముక్కలకే పెట్టేసేవాణ్ణి. ఒక శుక్రవారం ఆయన తలుపు తట్టారు.

"లెయ్ సుధాకరూ. గోడనే చూడాలంటే మంచి గోడ చూపిస్తా, రాప్పా."

పట్నానికి పడమట, ఇసుకరాతి కొండల్లోకి తీసుకెళ్ళారు. డ్రైవర్ గుల్ జీపు దగ్గర ఉండిపోయాడు. మేమిద్దరం ఎండ నెత్తికెక్కేదాకా నడిచాం. చివరికొక నల్లబారిన బండ ముందు నిలబెట్టి, ఏం కనబడుతోందని అడిగారు.

"రాయి సార్."

"వాడెవడో వేల ఏండ్ల కిందట ఇదే రాయిని చూసినాడు. వానికి ఒంటెలు కనబడె. నీకేమో రాయి కనబడె. బాగుండాది!"

మెల్లగా నాకూ కనబడ్డాయి, రాతి మీద చెక్కిన బొమ్మలు. వరుసగా ఒంటెలు, చేతులెత్తిన మనుషులు. వరుసలో అన్నిటికన్నా ముందున్న ఒంటె మాత్రం తల వెనక్కి తిప్పి ఉంది. "వెనకోళ్ళు వస్తాండారా లేదా అని చూస్తాంది. ఇదొక్కటే తెలివిగల్ల జంతువు" అని నవ్వారు. ఆ రోజు తిరిగొచ్చాక నేను గోడవైపు పడుకోవడం మానేశాను. చెప్పుకుంటే చిన్న సంగతే. నన్ను బతికించింది మాత్రం అదే.

ఆ లోయలు చేతివేళ్ళలా చీలి ఉంటాయి, ఏది చూసినా ఒకేలా ఉంటుంది. అందుకని వెళ్ళేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా మూడు రాళ్ళు పేర్చేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు వెనక నడిచేవాడు వాటిని తీసేయాలి. ఇంకో చోట బొమ్మల మీద ఎవరో రంగుతో పేర్లు రాసిపోయారట. అది చూసినప్పటినుంచీ ఆయన ఈ పద్ధతి పెట్టుకున్నారు.

"ఫోన్లో గుర్తు పెట్టుకుంటే అయిపాయె గద సార్" అన్నాను ఒకసారి.

"ఫోన్లో పెడితే రేపటికి లోకమంతా వస్తాది. రాళ్ళయితే నోరెత్తవు. ఒకటి గుర్తుపెట్టుకో. ముందు పొయ్యే మనిషి మొగం చూసినాకే రాయి తియ్యల్ల."

చివరిసారి వెళ్ళింది చలికాలంలో. తిరుగు నడకలో ఆయన ముందు, నేను వెనక. ఆ సాయంత్రం స్నేహితుల గదిలో బిర్యానీ అనుకున్నాం. నా మనసంతా అక్కడే ఉంది. దారిలో ఒక బండ చాటుకు వెళ్ళి వచ్చేసరికి ఆయన కనబడలేదు. "సార్" అని ఒక్కసారి పిలిచాను. పలకలేదు. ముందుకు వెళ్ళిపోయి ఉంటారనుకుని, ఎదురైన ప్రతి గుర్తునూ కాలితో తన్నుకుంటూ గబగబా నడిచాను. మనిషి ముఖం చూడలేదు.

జీపు దగ్గర గుల్ ఒక్కడే టీ కాస్తున్నాడు. "సాబ్ కిధర్ హై?" అన్నాడు.

అప్పుడర్థమైంది. ఏటవాలు వెలుగులో ఆ గీతలు బాగా తేలతాయని ఆయన ఎప్పుడూ అనేవారు. ఇంకొక్కసారి ఆ ఒంటెను చూడ్డానికి, నేను చాటుకెళ్ళిన బండకు అటువైపు నుంచి వెనక్కి వెళ్ళి ఉంటారు. గుర్తులున్నాయి కదా అన్న ధీమాతోనే వెళ్ళి ఉంటారు. నేను, గుల్ ఇద్దరం వెనక్కి పరుగెత్తాం. రెండో చీలిక దగ్గరే నేను ఆగిపోయాను. ఎటు వెళ్ళాలో నాకే తెలియలేదు. గుర్తులు లేవు. గొంతు పోయేదాకా అరిచాం. మరునాడు పోలీసులు వేరే లోయలో, ఒక రాతి అంచు కింద ఆయన్ను చూశారు. చీకట్లో పడిపోయారన్నారు.

ఆయన భార్య ఫోన్‌లో ఏడవలేదు. ఒకే మాట పట్టుకుంది. "దారి తప్పినాడా? ఆయప్పా? నిద్దట్లో లేపి ఇడిసిపెట్టినా ఇల్లు చేరేటోడు గదా నాయనా!"

"వయసు గదమ్మా" అన్నాను నేను.

ఆ మాటే నిలబడిపోయింది. కంపెనీలోనూ, వాళ్ళ ఊళ్ళోనూ, ముసలాయన బొమ్మల పిచ్చితో దారి తప్పాడనే చెప్పుకున్నారు. దారులు కొలవడమే బతుకైన మనిషికి చావులో మిగిలిన పేరు అది. ఇన్నేళ్ళకు రాస్తున్నాను. ఆయన దారి తప్పలేదు. ఆయన దారిని నేను తీసేశాను. ఈ ముక్క ఆమెకు చేరుతుందో లేదో తెలియదు. చేరినా ఆమెకు తిరిగొచ్చేదేమీ లేదు.

ఇప్పుడు సైటుకు వెళ్ళినా, ఆఫీసులో ఉన్నా, అందరూ బయటికొచ్చేదాకా నేను కదలను. ఒక్కొక్కరి ముఖం చూసుకుంటాను. "సుధాకర్ సార్ ఉంటే ఎవల్నీ వదిలిపెట్టి పోడు" అంటారు కుర్రవాళ్ళు, మెచ్చుకోలుగానే. నేను తల వంచుకుంటాను. చివరి మనిషి వెళ్ళిపోయాక కూడా తలుపు దగ్గర కాసేపు నిలబడి వెనక్కి చూస్తాను. ఇక రావలసినవాళ్ళెవరూ లేరని నాకు తెలుసు.