పుస్తెలతాడు, ఎర్ర దారం

పెళ్లయ్యాక డ్యూటీకి వెళ్లిన మొదటి రోజే మా సూపర్‌వైజర్ నా మెడ వైపు వేలు చూపించాడు. "గా పసుపు తాడు తీసి రా. లేకుంటే ప్యాకింగుకు పో" అన్నాడు.

సెల్‌ఫోన్లకు కెమెరాలు కొత్తగా వస్తున్న రోజులు. పాల్వంచ దగ్గర చిన్న లెన్సుల ఫ్యాక్టరీ మాది. గాజు ముక్కను మెత్తబడేదాకా వేడిచేసి అచ్చులో నొక్కితే, పెసరగింజ కన్నా చిన్న లెన్స్ వస్తుంది. దాన్ని అదే గదిలో మైక్రోస్కోపు కింద పెట్టి గీతలు, బుడగలు, గుంటలు వెతకడం నా పని. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి ఎంత కొట్లాడానో నాకే తెలుసు. ప్యాకింగుకు పొమ్మంటే ఒళ్లు మండింది.

"మీ చేతికున్న ఎర్ర దారం సంగతేంది సార్?" అన్నాను.

గుడిలో కట్టించుకున్న ఆ దారాన్ని ఆయన గ్లౌజు లోపల దాచుకునేవాడు. గదిలో అందరూ తలలు దించుకుని నవ్వారు.

"అయితే రెండూ చూద్దాం పా" అన్నాడు ఉక్రోషంగా.

శుభ్రమైన గాజు పలకలు రెండు తెచ్చి, ఒకదాని మీద నా తాడు, ఇంకోదాని మీద ఆయన దారం విదిలించాం. మైక్రోస్కోపులో చూస్తే నాది పసుపు పొడి, ఆయనది ఎర్ర పీచు. అలాంటి నలుసు ఒక్కటి అచ్చులో పడినా లెన్స్‌కు గుంట పడుతుంది, అచ్చు కూడా పాడవుతుంది. కళ్లతో చూశాక ఇద్దరం తీసి బయట గోడ మేకులకు తగిలించి వచ్చాం. బల్ల మాత్రం నేను వదల్లేదు.

సంగతి ఎవరో మా అత్తమ్మ చెవిన వేశారు. సాయంత్రం జూలూరుపాడులో బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టానో లేదో అందుకుంది.

"పుస్తెలు మేకుకు తగిలిస్తవా? నా కొడుక్కేమన్నయితే?"

నా భర్త ఒక కాంట్రాక్టరు దగ్గర కరెంటు స్తంభాలెక్కే పని చేసేవాడు. రోజూ ఆ భయం నాకూ ఉండేది.

"నీ కొడుకు ఒట్టి చేతులతోని స్తంభమెక్కుతుండు అత్తమ్మా. గింతంత గాజుముక్కను ముట్టడానికి నాకు గ్లౌజులిచ్చిన్రు. కరెంటు తీగ పట్టెటోనికి ఇయ్యలే. నా మెడ దిక్కేం జూస్తవ్? ఆయన చేతులు జూడు."

ఆమె చివాలున లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు నాకు టిఫిన్ డబ్బా కట్టివ్వలేదు. నేనే కట్టుకుని బయలుదేరాను. గడప దాటుతుంటే వెనక కొడుకు మీద కేకలేస్తోంది.

"గ్లౌజులియ్యకుంటే స్తంభమెక్కనని చెప్పురా గా కాంట్రాక్టరుకు!"